వీలైనంత మేరకు

మార్చి 3, సోమవారం

మధ్యాహ్నం మళ్ళీ కరెంటు పోయింది. కింద వదినగారి ఊపిరి మిషను ఆగింది.

నాలుగో అంతస్తులో ఉన్న నాకు అడుగున గ్రౌండుఫ్లోరు ఫ్లాటులో మిషను ఆగిన సంగతి ఎలా తెలుస్తుందని మావాడి అనుమానం. మా స్నానాలగది వెనక పైపులు దిగే సందు ఒకటుంది. అందులోంచి ఆ మిషను గురక పొద్దస్తమానం పైకి వస్తూనే ఉంటుంది. కోడలి తల్లిని ఇదే బిల్డింగులో కింద పెట్టుకుందామని వాడు అడిగినప్పుడు ఆవిడ నోటిని గురించే ఆలోచించాను. మిషను గురించి నాకెవరూ చెప్పలేదు.

శబ్దం ఆగింది కాబట్టి హాయిగా కునుకు తీయాలి. తీయలేదు. మోకాలు పట్టేస్తే లేచి, ఆ సందు పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాను. కరెంటు వచ్చింది. గురక మొదలైంది. మోకాలు సర్దుకుంది.

మార్చి 5, బుధవారం

పేపర్లో సోలారు బిల్లు వార్త పడింది. బిల్డింగు మొత్తానికి పూనకం వచ్చింది.

డాబా మీద ప్యానెళ్ళు పెట్టి ఏడాది దాటింది. ఇప్పటి చట్టం ప్రకారం ఒక కప్పు మీద కరెంటు ఒక్క మీటరుకే. అందుకని అంత ఎండా కలిసి మా లిఫ్టునీ మెట్ల మీద బల్బుల్నీ పోషిస్తోంది. కొత్త బిల్లు వస్తే ఒకచోట పుట్టిన కరెంటుని నలుగురూ వాటాలు వేసుకోవచ్చు. అద్దెకున్నవాళ్ళూ, సొంత కప్పు లేనివాళ్ళూ కూడా. ఎవరి వాటా వాళ్ళ కరెంటు బిల్లులో తగ్గుతుంది. మంచి ఆలోచనే. మంచి ఆలోచన చట్టంగా మారేటప్పటికి దాని గతి ఏమవుతుందో ఉద్యోగమంతా చూసినదాన్ని కాబట్టి నేను చప్పట్లు కొట్టలేదు.

అసోసియేషన్ సెక్రటరీ డాబా మీద మీటింగు పెట్టాడు. ఆయనకి మైకు అక్కర్లేదు కనుక ఆయన్నే అందరూ మైకు అంటారు. మూడో అంతస్తు బ్యాంకు ఆఫీసరు లేచి, ఎండ ముందు పైవాళ్ళ మీద పడి తర్వాతే కిందికి దిగుతుంది కాబట్టి వాటాలు అంతస్తుని బట్టి ఉండాలన్నాడు. అలాగే డాబా కారినప్పుడు ఆ నీళ్ళు కూడా అంతస్తుని బట్టే పంచుకుందామన్నాను. కూర్చున్నాడు.

వదినగారు లిఫ్టులో వచ్చారు. మిషను లేకుండా ఆవిడ కాసేపు ఉండగలరు. ఆ కాసేపూ మాట్లాడతారు.

"అయితే ఇక కరెంటు పోయినా నా మిషను ఆగదన్నమాట," అన్నారు.

అందరూ చప్పట్లు. కోడలు కళ్ళు తుడుచుకుంది. దానికి కారణం ఉంది. దాని చెల్లెలు అక్కడెక్కడో పెద్ద ఇంట్లో, జనరేటరుతో సహా కాపురం ఉంటోంది. కరెంటు పోతే ఊపిరాడని మనిషిని ఒంటరిగా ఉంచడానికి వీల్లేదని ఫోనులో గొడవ. చట్టం వచ్చి, ప్యానెళ్ళు అన్ని ఇళ్ళకీ కలిస్తే సరే. లేకపోతే ఈ వేసవిలో వచ్చి తల్లిని తీసుకుపోతానంది. కింది ఫ్లాటులో ఇన్వర్టరు పెట్టి చూశారు. ఫ్యానూ బల్బూ తప్ప ఆ మిషనుని నేను మొయ్యలేనని అది చేతులెత్తేసింది. పెద్దది పెడదామంటే ఆ పాత వైరింగు తట్టుకోదన్నాడు ఎలక్ట్రీషియను.

తీసుకుపోతే తీసుకుపోనీ. నాకు నిద్రయినా పడుతుంది.

మార్చి 8, శనివారం

వదినగారు కోతలప్పటికని ఉంచుకున్న ఆక్సిజన్ సిలిండరు వాపసు పంపేశారట. ఎలాగూ చట్టం వస్తోంది, దాని అవసరం లేదు, కోతలప్పుడు తట్టుకోగలుగుతున్నాను అని కూతురికి చెప్పారట. కోడలు మురిసిపోయింది: అమ్మ కోలుకుంటోంది, అత్తయ్యా.

చెల్లెలికి కూడా ఫోను చేసి చెప్పింది. ఆ అమ్మాయి కాస్త మెత్తబడిందట.

ఆవిడ సిలిండరు, ఆవిడ ఊపిరి.

మార్చి 9, ఆదివారం

మావాడు బిల్లు ప్రింటు తీసి తెచ్చాడు. చట్టాలు రాసే సెక్షన్లో జుట్టు నెరిసినదాన్ని కాబట్టి ఉపోద్ఘాతం చదవలేదు. ముందు నిర్వచనాలు, తర్వాత శిక్షలు, ఆ తర్వాత మధ్యలోది. కోడలు నవలలు చదివినట్టు, చివర చూశాకే మధ్యలోకి.

రాసినవాడు బాగానే రాశాడు. ఒకటి రెండుచోట్ల దిండ్లు ఉన్నాయి. దిండు మా సెక్షను మాట. "సంస్థ ఫలానా పని చేయవలెను" అని రాస్తే ఆ పని చేయక చావదు. దాని ముందు "వీలైనంత మేరకు" అని చేరిస్తే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. క్లాజు చూడటానికి అక్కడే, హాయిగా పడుకున్నట్టు ఉంటుంది. దిండు తల కింద పెట్టుకుంటారని లోకం అనుకుంటుంది. మా సెక్షన్లో ముఖం మీద పెట్టేవాళ్ళు.

పద్నాలుగో క్లాజులో దిండు లేదు. ఇనుములా ఉంది. లైనులో కరెంటు పోయిన మరుక్షణం ప్యానెళ్ళు కూడా వాటంతట అవే ఆగిపోవలెను.

న్యాయమే. కరెంటు లేదనుకుని లైనుమన్ తీగ పట్టుకుంటాడు. అప్పుడు మా డాబా మీద నుంచి కరెంటు దూరితే ఆ మనిషి స్తంభం మీదే ఉండిపోతాడు. ప్యానెళ్ళ కంపెనీ ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే ఇప్పుడూ అంతేనని ఉంది. అంటే వాటా బిల్లులో తగ్గుతుంది గానీ కోతలో ఒక్క బల్బు వెలగదు. కోతలో లిఫ్టు ఆగడం రోజూ చూస్తున్నా, అన్ని డిగ్రీలున్న బిల్డింగులో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. ప్యానెల్ నెత్తి మీద కనబడుతోంటే ఎండ నేరుగా ఇంట్లోకి దిగుతుందనే అనుకుంటారు.

వదినగారికి చెప్పాలి. చెబితే వెళ్ళిపోతారు. అది వేరే సంగతి. రేపు చెబుతాను.

మార్చి 10

చెప్పలేదు. గళ్ళనుడికట్టు కష్టంగా వచ్చింది.

మార్చి 11, మంగళవారం

నేను రోజూ కిందికి వెళ్ళేది పేపరు కోసం. గళ్ళనుడికట్టు వేసే పేపరు ఆవిడే తెప్పించుకుంటారు. మాకు వచ్చేదాంట్లో ఇళ్ళ స్థలాల ప్రకటనలు తప్ప ఏమీ ఉండవు. అడ్డం గళ్ళు ఆవిడవి, నిలువు గళ్ళు నావి. ఆవిడ పెన్నుతో నింపుతారు. తప్పయినా సరే, పెన్నుతోనే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. ఊరందరి మాటలూ విని విని, తను చెప్పిందే చివరి మాట అనుకునే జబ్బు పట్టుకుంది.

కుర్చీ పక్కన కొత్తగా గుండ్రటి బల్ల ఒకటి వేశారు. సన్నగా, పొడుగ్గా, కుట్టుపని గుడ్డ కప్పి, మీద ట్రే. టీ గ్లాసు పెడితే ఊగుతుంది. ఎక్కడ కొన్నారని అడిగితే ఎవరో ఇచ్చారన్నారు. ఇచ్చినవాళ్ళు తెలివైనవాళ్ళు.

చెప్పలేదు.

మార్చి 14

ఆలోచిస్తే, చెప్పాల్సింది నేను కాదు. ప్యానెళ్ళు పెట్టిన కంపెనీ. లేదా మైకు. లేదా ప్రభుత్వం. నేను రిటైరయ్యాను.

మార్చి 18, మంగళవారం

కరెంటు పోయి చాలాసేపు రాలేదు. గురక ఆగింది. నేను పుస్తకం చదువుతున్నాను. అదే పేజీ చదువుతున్నాను.

లిఫ్టు లేదు కాబట్టి మెట్లు దిగాను. కింది తలుపు కొట్టాను. తీయలేదు. మళ్ళీ కొట్టాను. లోపల ఏదో ఇనుము నేల మీద జరిగిన చప్పుడు. పిడికిలి నొప్పి పుట్టేదాకా కొట్టాను. అప్పుడు తీశారు. ముఖం నిమ్మళంగానే ఉంది. బల్ల మీద గుడ్డ వంకరగా ఉంది.

"ఏంటి వదినగారూ, మెట్లు దిగొచ్చారు. పైన ఇల్లేమైనా అంటుకుందా?"

పేపరు కోసమన్నాను.

"పొద్దున తీసుకెళ్ళారుగా."

మెట్లు దిగిన ఆయాసం అప్పుడు పట్టుకుంది. కుర్చీలో కూలబడ్డాను. ఆవిడే మంచినీళ్ళు తెచ్చి, నా ముఖం చూసి, కరెంటు వచ్చాక కాసేపు మిషను మీకు పెడతానన్నారు. పెద్ద హాస్యం.

సిలిండరు లేకుండా అంతసేపు ఎలా ఉన్నారో అర్థం కాలేదు. నిజంగానే కోలుకుంటున్నారేమో. అయితే మంచిదే. మంచిదే కానీ, ఈసారి తలుపు తీయకపోతే?

మార్చి 19

సవరణ రాశాను. పద్నాలుగు తర్వాత పద్నాలుగు-ఏ. ఊపిరి మిషనులాంటిది నడుస్తున్న ఇంటికి, కోత సమయంలో లైనుతో సంబంధం లేకుండా పనిచేసే బ్యాటరీనీ దానికి కావలసిన వైరింగునీ విద్యుత్ సంస్థ తన ఖర్చుతో అమర్చవలెను.

ఇది ఎవరికోసమో కాదు. బిల్లులో లోపం కనబడితే ఊరుకోలేను, అంతే. చీరకి దారం వేలాడుతుంటే పీకినట్టు.

మా పాత సెక్షనుకి ఫోను చేశాను. ఇప్పుడక్కడ పెద్ద "అయినప్పటికీ". నా దగ్గర కొత్తగా చేరినప్పుడు ప్రతి వాక్యం ఆ మాటతోనే మొదలుపెట్టేవాడు, పేరు అలా స్థిరపడింది. సెలెక్ట్ కమిటీ జనం అభిప్రాయాలు వింటుందని, వచ్చి చెప్పమని, కానీ తొందరగా ముగించమని అన్నాడు. అయినప్పటికీ తప్పక రమ్మన్నాడు.

మార్చి 27, గురువారం

కమిటీ ముందు మాట్లాడాను.

పెద్ద హాలు, చల్లగా. సభ్యుల ముందు నీళ్ళ సీసాలు. అధ్యక్షుడు కళ్ళు మూసుకుని వింటాడట. అలా వినడం నేను చాలామంది దగ్గర చూశాను. విద్యుత్ సంస్థ తరఫు మనిషి లైనుమన్‌ల ప్రాణాల గురించి చాలాసేపు మాట్లాడాడు. ఒక్క మాట కూడా తప్పు కాదు. నా వంతు వచ్చింది. కాగితం తెరిచాను. అప్పుడు హాల్లో దీపాలు ఒక్క రెప్పపాటు ఆరి వెలిగాయి. ఎవరూ తల ఎత్తలేదు.

కాగితం మడిచేశాను.

"ఇప్పుడు కరెంటు పోయింది. మీరు గమనించలేదు. ఎందుకంటే వెనక జనరేటరు ఉంది. నేనడిగేది అంతే. ఒక మనిషి గమనించక్కర్లేకుండా ఉండాలి."

అధ్యక్షుడు కళ్ళు తెరిచాడు. సంస్థ మనిషి, లైనుమన్ బతకక్కర్లేదా అన్నాడు.

"బతకాలి నాయనా. కింది ఫ్లాటులో మనిషి కూడా బతకాలి. ఇద్దరూ ఒకే చట్టంలో పట్టరా? ఇన్ని పేజీలు వేశారుగా."

ఎవరో నవ్వారు. ఒక సభ్యురాలు నా వైపు వంగి, ఆ మనిషి మీకేమవుతారమ్మా అని అడిగింది.

"ఏమీ కారు," అన్నాను. "వియ్యపురాలు."

ఈసారి అందరూ నవ్వారు. రికార్డులో కూడా ఎక్కుతుంది. ఎక్కనీ.

ఇంటికి వస్తే వదినగారు ఎక్కడికి వెళ్ళారని ఆరా తీశారు. కళ్ళ డాక్టరు దగ్గరికన్నాను. కళ్ళజోడు మారలేదేమన్నారు. ఈ మనిషికి ఎక్స్ఛేంజి పెన్షను ఇచ్చింది గానీ డ్యూటీ మాన్పించలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

అయినప్పటికీ ఫోను చేశాడు. పద్నాలుగు-ఏ పెట్టారట. గొంతులో గర్వం. చదవమన్నాను. చదివాడు. అంతా నా మాటే, ఒక్క అక్షరం పోలేదు. "విద్యుత్ సంస్థ" తర్వాత రెండు మాటలు చేరాయి.

"నీళ్ళు నమలకుండా చెప్పు, ఎవరు పెట్టారు దిండు?"

"అమ్మా, అది లేకపోతే క్లాజు మొత్తం ఎత్తేస్తామన్నారు. అయినప్పటికీ…"

ఫోను పెట్టేశాను.

ఏప్రిల్ 3

వీలైనంత మేరకు.

ఏప్రిల్ 11, శుక్రవారం

బిల్లు పాసైంది. మైకు మెట్ల మీద నిలబడి ప్రకటించాడు. పక్క బిల్డింగువాళ్ళు కూడా కిటికీలు తెరిచారు. అందరికీ మిఠాయి. బ్యాంకు ఆఫీసరు నాకు ప్రత్యేకంగా తెచ్చిపెట్టాడు. వాటాలు సమానమేనని రాజీపడ్డానన్నాడు, సూర్యుడి తరఫున రాజీ కుదిర్చినవాడిలా.

మంచి చట్టమే. కింద వాచ్‌మన్ కుటుంబానికి కూడా వాటా వస్తుంది, వాళ్ళకి సొంత కప్పు ఏ జన్మలోనూ లేదు. అది రాసిన క్లాజులో దిండు లేదు. అక్కడ నిజంగా సంతోషించాను.

కోడలు చెల్లెలికి ఫోను చేసింది. వదినగారు ఇక్కడే ఉంటారు. ఖాయమైపోయింది. అత్తయ్యా, ఇక బెంగ లేదు అని నా భుజం పట్టుకుంది. కరెంటు పోతే ఊపిరాడని మనిషి, సిలిండరు లేకుండా, ఒంటరిగా, ఆగిపోయే ప్యానెళ్ళని నమ్ముకుని. బెంగ లేదట.

మిఠాయి తినలేకపోయాను. బాగా తీపి.

ఏప్రిల్ 12, శనివారం

చెప్పాను.

మధ్యాహ్నం కిందికి వెళ్ళాను. పేపరు మడిచి పక్కన పెట్టి, మీతో ఒక మాట చెప్పాలన్నాను. పద్నాలుగో క్లాజు మొత్తం వివరించాను. లైనుమన్ సంగతి, పద్నాలుగు-ఏ సంగతి, దిండు సంగతి. కరెంటు పోతే ప్యానెళ్ళూ పోతాయి. మిషనూ ఆగుతుంది. చట్టం వచ్చినా ఆగుతుంది. నాకు నెల క్రితమే తెలుసు. మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళడమే మీకు క్షేమం.

ఆవిడ టీ చివరి గుక్క తాగి గ్లాసు ట్రేలో పెట్టారు. బల్ల ఊగింది.

"ఆ ప్యానెళ్ళు బిగించినవాడు కింద కూర్చుని బీడీ కాలుస్తూ ఫోనులో ఎవరికో చెప్పాడు వదినగారూ. కోతలో ఇవి పనిచెయ్యవు, ఈ బిల్డింగోళ్ళకి ఆ సంగతి తెలీదు అని. కిటికీలోంచి విన్నాను. ఏడాది అయింది."

మడిచిన పేపరుని ఇంకోసారి మడిచాను.

"మరి ఆ రోజు డాబా మీద, మిషను ఆగదన్నమాట అని అన్నారు?"

"అన్నాను. చప్పట్లు కూడా కొట్టారుగా."

"మరి సిలిండరు వాపసు పంపేశారు?"

ఆవిడ ట్రే తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కుట్టుపని గుడ్డ అంచు పట్టుకుని పైకెత్తారు. కింద బల్ల లేదు. సిలిండరు ఉంది. మీటరూ గొట్టమూ అన్నీ సలక్షణంగా. ఇన్నాళ్ళూ నేను దాని మీద టీ గ్లాసు పెట్టి, బల్ల బాగాలేదని వంకలు పెట్టాను. ఆ రోజు నేను తలుపు విరగ్గొడుతుంటే ఆవిడ లోపల గొట్టం పీకి గుడ్డ కప్పుతున్నారన్నమాట. సిలిండరు ఉందని తెలిస్తే జబ్బు తగ్గలేదని తెలుస్తుంది. తెలిస్తే చిన్నమ్మాయి కారు పంపిస్తుంది.

ఒళ్ళు మండిపోయింది. అక్కడ జనరేటరుంది, ఎప్పుడూ మనుషులుంటారు, మీకు వెళ్ళడానికి ఏం రోగమని అడిగాను. మాట తప్పు. ఆవిడ పట్టించుకోలేదు.

"అక్కడికి ఈ పేపరు రాదు," అన్నారు.

"పోస్టులో తెప్పించుకోవచ్చు."

"తెప్పించుకోవచ్చు. నిలువు గళ్ళు ఎవరు నింపుతారు?"

పేపరు తీసుకుని విప్పాను. నిలువు ఏడు. ఇద్దరం చాలాసేపు చూశాం. రాలేదు.

ఏప్రిల్ 13

నిలువు ఏడు వచ్చింది. ఆవిడ పెన్నుతో తప్పు నింపిన అడ్డం తొమ్మిది వల్ల రాలేదు. వెళ్ళి చెప్పాను. ఒప్పుకోలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

చిన్నమ్మాయి ఫోనులో పెట్టిన షరతు ఏమిటో కోడలిని మళ్ళీ అడిగాను. అక్షరం పొల్లు పోకుండా చెప్పమన్నాను. కరెంటు పోతే ఊపిరాడని మనిషిని ఒంటరిగా ఉంచడానికి వీల్లేదు. అంతేనా? అంతే, అత్తయ్యా.

అప్పుడు అన్నీ చెప్పాను, సిలిండరుతో సహా. కోడలు ఏడ్చింది, కోప్పడింది, తల్లి మీద అరవడానికి గుమ్మం దాకా వెళ్ళింది. ఆగమన్నాను. షరతులో ఉన్నది "ఒంటరిగా" అన్న మాట. ఒంటరిగా లేకపోతే షరతు వర్తించదు. మీ చెల్లెలు షరతులు పెట్టేటప్పుడు కాస్త చూసుకుని పెట్టాల్సింది.

"ఒంటరిగా కాక ఎవరుంటారు అత్తయ్యా?"

ఈ పిల్ల ఎం.ఏ. చదివింది.

ఏప్రిల్ 17, గురువారం

సామాను దించారు. మంచం, పుస్తకాల అలమర, నా కుర్చీ. మైకు దగ్గరుండి లిఫ్టులో ఎక్కించాడు, అంటే బిల్డింగంతటికీ తెలిసిపోయింది. సిలిండరు ఇప్పుడు బాహాటంగానే ఉండొచ్చు. అయినా గుడ్డ తీయలేదు. టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు కావాలి కదా. రెండో సిలిండరు కూడా తెప్పించాను, నా కుర్చీ పక్కన. దానికి గుడ్డ ఆవిడే కుట్టారు. కొలత పొట్టి. చెప్పాను. ఒప్పుకోలేదు.

కరెంటు పోయినప్పుడు గొట్టం ఎలా తగిలించాలో మూడుసార్లు నేర్పించుకున్నాను. ఆవిడ, మీకు చదువు ఎక్కువై చేతులు పనిచెయ్యడం లేదన్నారు.

చట్టం వచ్చింది గానీ రూల్స్ ఇంకా రాయాలి. వాటి మీద కూడా అభిప్రాయాలు అడుగుతారు. దిండు లాగడానికి చోటు అదే. అయినప్పటికీ వచ్చేవారం ఇక్కడికే వస్తానన్నాడు. వచ్చి ఈ గదిలో కూర్చోనీ. కరెంటు కూడా పోతే ఇంకా మంచిది.

మిషను నా మంచానికి చేయిచాపు దూరంలో ఉంది. పైన వినబడినదానికంటే చాలా పెద్ద శబ్దం. మధ్యాహ్నం దాని పక్కనే పడుకుని, లేచేసరికి టీ వేళ దాటిపోయింది.

సాయంత్రం మావాడు దిగివచ్చి, నా మంచం అంచున కూర్చుని, అటూ ఇటూ చూసి అడిగాడు.

"నిజం చెప్పమ్మా, నువ్వెందుకు కిందికి మారావు?"

మోకాళ్ళ నొప్పులురా, మెట్లు ఎక్కలేకపోతున్నాను అన్నాను.

వీలైనంత మేరకు నిజమే చెప్పాను.